కోత, మేట: వలసపోయినవారి ఇల్లు

జొన్నాడ రేవున నిలిచి గౌతమిని చూచువారికి నది ఏకకాలమున రెండు పనులు చేయుచు కనిపించును. ఒకచోట గట్టును కోసికొనిపోవును. వేరొకచోట ఆ కోసిన మన్నునే మేటవేసి లంకగా పెంచును. లంక రైతునకు ఈ రెండును తరతరములుగా ఎరుకే. వరద హెచ్చినపుడు పశువులను తోలుకొని, బియ్యపుమూట నెత్తికెత్తుకొని, ముసలివారిని పడవలో కూర్చుండబెట్టుకొని ఏటిగట్టు చేరును. నీరు తీసిన పిమ్మట మరల దిగి, బురద ఎత్తిపోసి, కూలిన గోడ నిలబెట్టి, దానినే తన ఇల్లని చెప్పుకొనును. ఇచటనే జాతీయ రహదారి వంతెన జొన్నాడను ఆవలిగట్టుననున్న రావులపాలెముతో కలుపుచున్నది. ఆ వంతెనమీదుగా అటు విశాఖపట్టణమునకును ఇటు హైదరాబాదునకును విమానము నందుకొనబోవు కార్లు రేయింబవళ్లు సాగుచుండును. వాని నెత్తిన తాళ్లతో బిగించిన పెట్టెలు, పెట్టెలపై పెద్ద అక్షరములతో వ్రాసిన పేర్లు. ఒక కారులో కువైటునకు పోవు తల్లి యుండును. మరొకదానిలో సంక్రాంతికి వచ్చి అమెరికాకు మరలిపోవు కొడుకుండును. వీరికి ఇల్లెక్కడ నున్నది అను ప్రశ్నకు చరిత్ర యేమి చెప్పినది, సాహిత్యమేమి చెప్పినది, వీరి బ్రదుకే యేమి చెప్పుచున్నది అని విచారించుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

ఈ ప్రశ్నను తమకు తాము మిక్కిలిగా వేసికొన్న జాతులలో ఐర్లండువారు మొదట చెప్పదగినవారు. 1845లో బంగాళాదుంప పైరునకు తెగులు సోకెను. దానినే తిని బ్రదుకు పేదలలో ఏడెనిమిదేండ్ల కాలమున ఇంచుమించు పదిలక్షలమంది మరణించిరి; దాదాపు అంతమందియే ఓడలెక్కి దేశము విడిచిరి. 1841 జనాభాలెక్కలలో ఎనుబది లక్షలు దాటియుండిన ఆ ద్వీపపు జనసంఖ్య నేటికిని ఆ మెట్టును తిరిగి యెక్కలేదు. కరవు తీరినను వలస తీరలేదు కావున వీడ్కోలు వారికొక ఆచారమై నిలిచెను. కొడుకో కూతురో మరునాడు అమెరికాకు పోవుననగా, ఆ రాత్రి ఇరుగుపొరుగువారు చేరి, శవముకడ జాగరముండునట్లే, బ్రదికియున్న ఆ బిడ్డ చుట్టును తెల్లవారుదాక కూర్చుండెడివారు. ఆటపాటలును సాగును, నడుమనడుమ తల్లి శోకమును సాగును. దీనికి వారు అమెరికా జాగరమని పేరుపెట్టుకొనిరి. పోయినవారి ముఖము మరల చూడబోమని ఇంటిల్లిపాదికి తెలియును గనుక, బ్రదికినవారికే కర్మ చేసి పంపిరన్నమాట. 1892 జనవరి 1వ తేదిన న్యూయార్కు రేవున ఎల్లిస్ ద్వీపపు ప్రవేశస్థానము తెరచినపుడు మొట్టమొదట అడుగుపెట్టినది కార్క్ సీమనుండి వచ్చిన ఆనీ మూర్ అను ఐరిషు బాలిక.

ఈ చరిత్రనుండి పుట్టిన కథలు పెక్కు. వానిలో కాలమ్ టోబీన్ 2009లో ప్రకటించిన ‘బ్రూక్లిన్’ నవల ఈ ప్రశ్నను మిక్కిలి నెమ్మదిగా అడిగిన గ్రంథము. 1950ల కాలమున ఎనిస్‌కార్తి అను చిన్న పట్టణమున తగిన ఉద్యోగము దొరకని ఐలిష్ అను పడుచు, అక్క ప్రోద్బలమునను ఒక మతగురువు సాయమునను న్యూయార్కునందలి బ్రూక్లిన్ చేరును. మొదట ఇంటిబెంగ ఆమెను జ్వరమువలె పట్టుకొనును. పిదప కొట్టులో పనియు, రాత్రి చదువును, ఇటాలియను కుటుంబపు చిన్నవాని ప్రేమయు ఆమెకు అచట వేరు పట్టించును. ఇంతలో అక్క హఠాత్తుగా మరణింపగా స్వస్థలమునకు మరలివచ్చును. అంతకుముందు తనకేమియు ఈయజాలని ఊరు ఇప్పుడు ఉద్యోగము, గౌరవము, వరుడు అన్నింటిని చేతులు చాచి యిచ్చును. అప్పుడు బ్రూక్లినే కలవలె దూరమగును. రెండిండ్లు గలవారు ఏ యింటనున్నను రెండవది అసత్యముగా తోచుననుటయే రచయిత పట్టిచూపిన సూక్ష్మము. ఇందులో ఓడమునకలు లేవు, శోకాలాపములు లేవు. ఐనను పుస్తకము మూసిన పిమ్మట చదువరి తన ఇంటి తలుపును ఒకమారు కొత్తగా చూచుకొనును.

తెలుగునాట ఐరిషువారి జాగరమునకు సాటియగు ఆచారము లేదు; దానికి ఎదురు నిలిచిన మాట యొకటి కలదు. గడప దాటువాడు “పోతాను” అనరాదు, “వెళ్లొస్తాను” అనవలెను. పొరపాటున “వెళ్తాను” అన్నవానిని ముసలమ్మ వెనుకకు పిలిచి, కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, సరిగా అనిపించి మరల పంపును. మరలివచ్చుటను మనము మాటలోనే ముడివేసితిమి. ఆ ముడి ఎచట నిలిచినది, ఎచట ఊడినది అని పరీక్షించిన మన వలసల చరిత్రయంతయు బయటపడును.

కాలములను పోల్చిచూచిన నొక విశేషము కనబడును. ఐర్లండున కరవు విజృంభించిన 1847లోనే ధవళేశ్వరమున ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలయ్యెను, 1852లో ముగిసెను. అంతకు మునుపు గోదావరి మండలము క్షామములతోను తుపానులతోను చిక్కి జనము పలుచబడిన సీమ. 1839 నవంబరు తుపాను కోరంగి రేవును ముంచివేసెను; 1843లో ఆ రేవు పేరే పెట్టుకొన్న ‘కోరంగి పాకెట్’ అను ఓడ తెలుగు కూలీలను మారిషస్ ద్వీపమునకు కొనిపోయెను. ఆనకట్ట నీరు ఈ డెల్టాను పచ్చబరచెను. వలసను కొంత ఆపెను కూడ. కాని కాలువ నీరు భూమిగలవానిని నిలిపినంతగా భూమిలేనివానిని నిలుపజాలదు. నాట్లకును కోతలకును నడుమ వానికి కూలి యుండదు గదా! ఆనకట్ట ముగిసిన 1852లోనే ఆంగ్లేయులు రంగూనును పట్టుకొనుట కాలపు విచిత్రము. ఏలినవారు ఒక చేతితో నిలుచుటకు నీరిచ్చి, రెండవ చేతితో పోవుటకు దారి తెరచినట్లయ్యెను.

మారిషస్‌కు పోయినవారు మొట్టమొదట పోగొట్టుకొన్నది ఇంటిపేరు. ఈ మాటను మనము నిత్యము వాడుచు దానిలోని ‘ఇంటి’ని మరచితిమి. తెలుగువాడు తన పేరునకు ముందు ఇంటిని మోసికొని తిరుగును. పెక్కు ఇంటిపేర్లలో ఊరి పేరే దాగియుండును. ఒప్పందకూలీల పట్టికలు వ్రాసిన గుమాస్తాలకు ఈ మర్యాద తెలియదు. కూలివాని పేరును, వాని తండ్రి పేరును చెవికి వినబడినట్లు వ్రాసికొని, తరువాతి తరమునకు తండ్రి పేరునే వంశనామముగా స్థిరపరచిరి. ‘అప్పడు’ అను వ్యక్తినామము ఇట్లు అచట వంశనామమై కూర్చున్నది. ఏ యూరివారమో చెప్పగల ఆధారమట్లు పోయినను, ఉగాది అచట ప్రభుత్వపు సెలవుదినమైనది. సింహాద్రి అప్పన్న పూజయు రామభజనమును నేటికిని సాగుచున్నవి. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపముననే జరిగినవి. మలయాలోను ఇట్టిదే కథ. దిగువ పెరాక్‌నందలి బాగన్ దాతోహ్ కొబ్బరితోటలలో కుదురుకొన్న తెలుగువారు 1955లో మలయా ఆంధ్ర సంఘమును స్థాపించుకొనిరి. చుట్టును కొబ్బరిచెట్లే యున్నందున కోనసీమవాడు అచటికి పోయినచో ఊరు మారినట్లు కంటికి తోచదు, చెవికే తోచును.

ఇక మన గోదావరి జిల్లాల ముసలివారి నోట ‘రంగం’గా నిలిచిన రంగూను సంగతి. కాకినాడ మొదలుకొని ఉత్తరాంధ్రపు రేవులవరకు ఓడలు ఆగి, పైతట్టు ప్రయాణికులను నింపుకొని బంగాళాఖాతము దాటెడివి. మేస్త్రీ యిచ్చిన బయానాకు కట్టుబడి పోయినవారు బియ్యపు మిల్లులలోను ఓడరేవులోను బస్తాలు మోసిరి, రిక్షాలు లాగిరి. కోరంగి రేవు పూడిపోయినను దాని పేరు పోలేదు. తెలుగువాడు ఏ యూరివాడైనను బర్మావారికి కోరంగీయే. పోయినవారిలో మగవారే మెండు. రెండు మూడేండ్లకు వచ్చి, పెండ్లి చేసికొని, అప్పు తీర్చి, మరల పోయెడివారు. కావున రంగం వారికి సంపాదనస్థలము, ఇల్లు గోదావరి యొడ్డు అను విభజన స్పష్టముగా నుండెడిది. ఆ విభజనను కాలము చెరిపివేసెను. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీల సమ్మె ముగిసినపుడు, వారి స్థానమున పెట్టుకొన్న బర్మా కూలీలను తొలగింపగా చెలరేగిన కలహమున తెలుగువారు పెక్కుమంది హతులైరి. 1937లో బర్మా ఇండియానుండి వేరుపడి, నిన్నటి పొరుగుజిల్లా వంటిది పరదేశమయ్యెను. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేయగా, ఓడ దొరకని లక్షలాది భారతీయులు అరకాను కనుమలగుండను మణిపురపు కొండలగుండను నడచి వచ్చిరి. దారిలో రాలినవారు వేలకొలది. మిగిలినవారిని 1964లో దుకాణములు జాతీయము చేసిన సైనికప్రభుత్వము కదలించెను. అట్లు వచ్చినవారు నిలిచినచోటు విశాఖపట్టణమున కంచరపాలెమువద్ద నేటికిని బర్మా క్యాంపు అనియే పిలువబడుచున్నది. బర్మాలో వారు కోరంగీలు, ఇచట బర్మావారు. రెండుచోట్లను వారిని వారు లేని యూరి పేరుతోనే పిలిచిరి.

ఇంతటి చరిత్రయుండగా తెలుగు నవల దీనినుండి గైకొన్నది స్వల్పము. విదేశయానమనగానే మనకు తలపునకు వచ్చునది 1924లో మొదటి భాగము వెలువడిన మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టర్ పార్వతీశం’. మొగల్తూరునుండి బయలుదేరిన ఆ యువకుని వెంట తెలుగుదేశమంతయు నవ్వుచు ఎడింబరో దాక పోయివచ్చినది. ఆ నవ్వు ఉత్తమమైనది. కాని అది చదువునకై పోయినవాని నవ్వు. తిరుగు టిక్కెట్టుకు తగిన పైకమున్నవానికి ప్రయాణము ప్రహసనము కాగలదు. అదే కాలమున అదే డెల్టానుండి పైతట్టుమీద రంగం పోయిన కూలివాని చేత కలము లేదు. ఐర్లండున 1831లోనే ప్రభుత్వపు జాతీయ పాఠశాలలు వెలసినందున పోయిన పేదబిడ్డ ఉత్తరము వ్రాయగలిగెను. డబ్బుతో కూడివచ్చు ‘అమెరికా ఉత్తరము’ను ఊరంతయు చేరి చదివించుకొనెడివారు. ఆ ఉత్తరములే తరువాతి నవలలకు మట్టియు ఎరువును అయ్యెను. మనవాడు మనియార్డరు పంపెను. ఆ కాగితపు అడుగున రెండు ముక్కలు పరులచేత వ్రాయించెను. నవలకు వలసిన ఏకాంతము ఆ రెండు ముక్కలలో ఇముడదు. ఇటీవలి కాలమున తెలంగాణమునుండి గల్ఫు పోయినవారి బ్రదుకు పెద్దింటి అశోక్‌కుమార్ ‘ఎడారి మంటలు’లో నవలారూపము దాల్చినది, అమెరికా జీవితమునుగూర్చిన కథలను కాకినాడవాసియైన వంగూరి చిట్టెన్‌రాజు స్థాపించిన సంస్థ సంపుటములుగా ప్రకటించినది. కోనసీమ స్త్రీ మాత్రము ఇంకను తన గ్రంథమునకై ఎదురుచూచుచున్నది.

ఆమె సంగతి చెప్పక ఈ సమీక్ష పూర్తికాదు. లోకమున వలసకథలు పెక్కింటిలో పోవువాడు కొడుకో మగడో. ఎదురుచూచునది తల్లియో భార్యయో. రాజోలు, అమలాపురము, కొత్తపేట ప్రాంతముల కూలికుటుంబములలో ఈ వరుస తలక్రిందులైనది. ఇంటిపనికై కువైటునకో మస్కటునకో దుబాయికో పోవునది తల్లి. పిల్లలను పెంచునది అమ్మమ్మ. ఏజెంటునకు కట్టవలసిన సొమ్ముకై అప్పు, ఇంటిపనివారి ఖద్దామా వీసా, చేరిన పిదప నివాసపత్రమగు అకామా, పాస్‌పోర్టును చేతిలో పెట్టుకొన్న యజమానియగు కఫీలు: ఈ మాటలు నిఘంటువులకెక్కకున్నను ఊళ్లలో ఉప్పు పప్పు వలె వాడుకైనవి. 1983నాటి వలసల చట్టము ఆమెను కాపాడుటకు ఉద్దేశింపబడినది. ముప్పదియేండ్లు నిండని స్త్రీని ఇంటిపనికి పంపరాదను నిబంధనయు కలదు. నిబంధనను తప్పించుకొను దొంగదారులును ఏజెంట్లకు తెలియును. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటును ఆక్రమింపగా, లక్షకు పైగా భారతీయులను ఎయిరిండియా అమ్మాను నగరమునుండి రెండునెలలలో తరలించినపుడు, పెట్టెయు జీతమును విడిచి కట్టుబట్టలతో దిగిన తెలుగు పనివారెందరో కలరు. మరుసటి యేడు శాంతి కలుగగానే తిరిగి పోవుట మొదలయ్యెను. అప్పు యుద్ధముకంటె మొండిది.

ఈ తల్లి పంపిన డబ్బుతో పూరిల్లు పోయి డాబా లేచును. ఆ డాబాకు రంగు ఏదియో, వంటగది ఏ వైపుననో ఆమె వీడియో కాలులో చూచి చెప్పును. ఇల్లు పూర్తియగునప్పటికి తాను ఇతరుల యింట ఇతరుల పిల్లలకు అన్నము తినిపించుచుండును. సెలవునకు వచ్చినపుడు సొంత కొడుకు “అమ్మా” అని అమ్మమ్మనే పిలుచుచుండును. తెలుగు స్త్రీకి పుట్టిల్లు, మెట్టినిల్లు అను రెండిండ్లు తరతరములుగా నున్నవి. పెండ్లినాడే ఆమెకు వలస నేర్పితిమి. ఇప్పుడు మూడవయిల్లు చేరినది: తాను కట్టి, తాను ఉండనిది. ఐలిష్ బాధను రచించిన టోబీన్‌కు సైతము ఈ యిల్లు తెలియదు.

అమెరికా వలస దీనికి అద్దములో ప్రతిబింబమువంటిది. 1965లో ఆ దేశము తన వలసచట్టమును మార్చిన పిమ్మట వైద్యులు, ఇంజనీర్లు పోయిరి. 1977లో ఉత్తర అమెరికా తెలుగువారి సంఘమగు తానా వెలసినది. తరువాత కంప్యూటరు ఉద్యోగములు వరదవలె తీసికొనిపోయినవి. గల్ఫుతల్లి ఇచట కొత్తయిల్లు కట్టుచుండగా అమెరికాకొడుకు ఇచటి పాతయింటికి తాళము వేయుచున్నాడు. కోనసీమ మండువా లోగిళ్లలో వానచినుకు పడుటకై విడిచిన నడిమి ఆకాశము మునుపటివలెనే యున్నది. దానిక్రింద ఉయ్యాలబల్లపై ఇద్దరు వృద్ధులు, కొన్నియెడల ఒక్కరే, ఉన్నారు. కొబ్బరి దింపులు, కౌలు, పన్నులు ఫోనులో జరుగును. సంవత్సరమంతయు నిద్రించు ఈ లోగిళ్లు సంక్రాంతికి మేల్కొనును. కనుమనాడు జగ్గన్నతోటలో పదునొకండు గ్రామముల రుద్రులు ప్రభలపై వచ్చి కలిసికొందురు. దేవుళ్లు సైతము ఏడాదికొకమారు ఊరు విడిచి, చుట్టములను చూచి, సాయంకాలమునకు తమ గుడి చేరుకొను ఆ తీర్థమునకు విదేశములనుండి వచ్చినవారు పిల్లలను భుజములకెత్తుకొని వత్తురు. మరలిపోవునపుడు పెట్టెలో ఆవకాయ, మామిడితాండ్ర, ఆత్రేయపురపు పూతరేకులు. పూతరేకు ప్రయాణమునకు తగిన వస్తువు కాదు, ఇరువదిగంటలలో పొడియగును. పొడియగునని తెలిసియే కట్టుదురు, పొడియైనదని తెలిసియే తిందురు.

వలస ఒకవైపు మాత్రమే నడవదనుటకు ఒక ఐరిషువానినే సాక్షిగా పిలువవచ్చును. బెల్‌ఫాస్టున పుట్టిన కవి జేమ్స్ కజిన్స్ 1915లో భార్య మార్గరెట్‌తో ఇండియాకు వచ్చి మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో స్థిరపడెను. 1919లో రవీంద్రుడు అచట విడిదిచేసి జనగణమనను ఆంగ్లీకరించినపుడు దాని వరుసకు స్వరలిపి కూర్చినది మార్గరెట్. కజిన్స్ 1956లో మదనపల్లెలోనే కన్నుమూసెను. గౌతమి కోసిన మన్ను ఏ లంకకు చేరునో గౌతమికే తెలియదు.

ఇల్లనగా నేమి అను ప్రశ్నకు ఇంతవరకు వచ్చిన సమాధానములు మూడు. నేలయే ఇల్లని కొందరు. మనుష్యులే ఇల్లని కొందరు. భాషయు జ్ఞాపకమును ఇల్లని మరికొందరు. మొదటిదానిని బర్మానుండి మరలివచ్చినవారు ఖండించిరి: కన్న నేలపైననే వారు పరాయివారైరి. రెండవది సత్యమునకు సమీపము. ఐనను కొడుకు “అమ్మా” అని అమ్మమ్మను పిలిచిన డాబాలో మనుష్యులెల్లరు నున్నారు, తల్లికి ఇల్లు మాత్రము చిక్కలేదు. మూడవదానికి మారిషస్ సాక్ష్యమిచ్చును. కాని ఊరి పేరు తెలియని జ్ఞాపకము భక్తిని నిలుపునే గాని వానలో తలదాచుకొనుటకు పనికిరాదు. నా తీర్పు లంక రైతు పక్షమున నున్నది. వరద తీసిన ప్రతిమారు దిగిపోయి మరల గోడ పెట్టుకొనుటయందే వాని ఇల్లున్నది. పోయినవారును నిలిచినవారును ఇరువైపులనుండి విడువక చేయవలసిన పని అది. ఒకవైపు చేయి ఆగిన మరునాడు డాబాయైనను లోగిలియైనను ఇటుకల రాశియే. “వెళ్లొస్తాను” అన్న మాటకు ఇంటిలోనివారు “క్షేమంగా వెళ్లి లాభంగా రా” అని బదులీయకున్న ఆ మాట సగమే కదా!

కావున చదువరులకొక విన్నపము. మీ ఇంటి అటుకమీద రంగమునుండి వచ్చిన మనియార్డరు కాగితమో, కువైటునుండి వచ్చిన నీలిరంగు ఉత్తరమో, మాటలు నింపి పంపిన టేపు క్యాసెట్టో ఉన్నచో పారవేయకుడు. పేరు, ఊరు, తేది ఒక చీటిపై వ్రాసి దానికి జతపరచి మీ యూరి గ్రంథాలయమున కీయుడు. మీ యింట ముసలమ్మ యున్నచో ఆమె ఎవరిని ఎప్పుడు ఏ రేవునుండి పంపినదో ఈ వానకాలము ముగియకముందే అడిగి వ్రాసికొనుడు. మన నవల వ్రాయువాడు ఎప్పుడు పుట్టునో తెలియదు. వానికి మన్ను సిద్ధముగా నుంచుట మన వంతు.